లోన్ యాప్ రికవరీ కాల్స్: మీ ఫోన్‌లో వాళ్లకు దొరికింది ఏంటి? మీరు చేయాల్సింది ఏంటి?

రివ్యూల్లో ర్యామ్ ఎంత, కెమెరా ఎంత, ఛార్జింగ్ ఎన్ని వాట్లు అని తెగ మాట్లాడుకుంటాం. ఫోన్‌లో అన్నిటికంటే ఖరీదైన ఐటమ్ గురించి మాత్రం ఎవరూ అడగరు. అదే కాంటాక్ట్స్ లిస్ట్. ఎనిమిది వేల ఫోన్‌లో ఉన్నా, లక్ష రూపాయల ఫోన్‌లో ఉన్నా దాని విలువ ఒకటే. ఈ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది లోన్ యాప్‌ల వాళ్లే.

హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ... ఎక్కడ మొబైల్ షాపులోకి అడుగుపెట్టినా రేటు చెప్పే ముందే "ఆధార్ తెచ్చినవా అన్నా?" అనే మాట వినబడే కాలం ఇది. రైస్ మిల్లులో చేసే తమ్ముడికైనా, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంట్ ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద చేసే అన్నకైనా, డిగ్రీ చదివే చెల్లెకైనా కొత్త ఫోన్ చేతికొచ్చే దారి ఎక్కువగా ఈఎంఐ. తప్పేం లేదు. కానీ జీతం ఒక్క నెల ఆలస్యమైతే ఆ ఈఎంఐ బౌన్స్ అవుతుంది. బౌన్స్ అయితే బ్యాంకు ఒక ఛార్జీ, ఫైనాన్స్ కంపెనీ ఇంకో ఛార్జీ వేస్తాయి. అవి పూడ్చడానికి ఏదో యాప్‌లో మూడు నాలుగు వేలు తీస్తారు. అసలు కథ మొదలయ్యేది అక్కడే.

ఈ ఆర్టికల్ అప్పు ఎగ్గొట్టడం ఎలాగో చెప్పడానికి కాదు, ముందే చెప్తున్నా. తీసుకున్న అప్పు కట్టాల్సిందే. కానీ అప్పు అనేది మీకూ ఇచ్చినవాళ్లకూ మధ్య ఉండే లెక్క. అందులోకి మీ అమ్మని, మేనమామని, ట్యూషన్ సార్‌ని లాగే హక్కు ఎవరికీ లేదు. వాళ్లని లాగగలిగింది కూడా మనం ఇచ్చిన ఒక్క "అలౌ" బటన్ వల్లే.

183 రూపాయల వడ్డీ

మన దగ్గర వడ్డీ లెక్క అందరికీ వచ్చు. నూటికి నెలకు రెండు రూపాయలంటే మామూలు, మూడంటే ఎక్కువ, ఐదంటే "వామ్మో" అంటాం. ఇదే లెక్క ఏడు రోజుల లోన్ యాప్‌కి వేసి చూద్దాం. యాప్‌లో 5,000 శాంక్షన్ అని చూపిస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ, ఇంకేదో పేరు చెప్పి కోసేసి మీ అకౌంట్‌లో 3,500 వేస్తారు అనుకుందాం. ఏడో రోజుకి 5,000 కట్టాలి. అంటే చేతికొచ్చిన 3,500 మీద వారానికి 1,500. నెలకు లెక్కేస్తే నూటికి 183 రూపాయలు దాటుతుంది. ఐదు రూపాయల వడ్డీకిచ్చే ఊరి షావుకారు దీని ముందు ధర్మాత్ముడు.

మరి ఇంత వడ్డీ ఎలా వసూలవుతుంది? తాకట్టు లేదు, ప్రామిసరీ నోటు లేదు. తాకట్టు పెట్టుకుంది మీ పరువుని. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కాంటాక్ట్స్, గ్యాలరీ, ఎస్ఎంఎస్, కాల్ లాగ్ పర్మిషన్లు అడుగుతుంది. ఒప్పుకోకపోతే ముందుకు పోనివ్వదు. ఒప్పుకున్న కొన్ని క్షణాల్లోనే లిస్ట్ మొత్తం వాళ్ల సర్వర్‌కి చేరిపోతుంది. ఆ తర్వాత యాప్ డిలీట్ చేసినా లాభం లేదు, కాపీ వాళ్ల దగ్గరే ఉంటుంది.

2020 డిసెంబర్‌లో తెలంగాణ మొత్తానికీ ఈ విషయం తెలిసొచ్చింది. లాక్‌డౌన్‌లో పనులు పోయి యాప్‌లలో అప్పులు తీసుకున్నవాళ్లలో కొందరు ఆ వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారు. సిద్దిపేట జిల్లాలో వ్యవసాయ శాఖలో పనిచేసే ఒక యువతి, హైదరాబాద్ శివార్లలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వాళ్లలో ఉన్నారు. పోలీసులు హైదరాబాద్‌లో, గురుగ్రామ్‌లో కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. ఫోన్లు చేసి బూతులు తిట్టేవాళ్లలో చాలామంది మన వయసు టెలీకాలర్లే, టార్గెట్లు పెట్టి పనిచేయించేవాళ్లు. అదే నెలలో ఒక చైనా జాతీయుడిని దేశం దాటబోతుండగా ఢిల్లీ ఎయిర్‌పోర్టులో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. దర్యాప్తులో దాదాపు 1.4 కోట్ల లావాదేవీలు, 21,000 కోట్ల రూపాయల చేతిమార్పిడి బయటపడ్డాయని పోలీసులు అప్పట్లో చెప్పారు.

ఆ తర్వాత ఆర్‌బీఐ ఒక వర్కింగ్ గ్రూప్ వేసింది. 2021 జనవరి, ఫిబ్రవరి రెండు నెలల్లో వాళ్లు చూసిన దాదాపు 1,100 లోన్ యాప్‌లలో 600 అక్రమమైనవే అని ఆ గ్రూప్ నవంబర్‌లో రిపోర్ట్ ఇచ్చింది. 2022 సెప్టెంబర్ నుంచి 2023 ఆగస్టు వరకు ప్లే స్టోర్ నుంచి 2,200కి పైగా లోన్ యాప్‌లు తీసేశారని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. అయినా ఆగలేదు. 2024 డిసెంబర్‌లో కూడా విశాఖలో కొత్తగా పెళ్లైన ఒక యువకుడు చనిపోయాడు. యాప్ వాళ్లు అతని భార్య ఫొటోని మార్ఫ్ చేసి తెలిసినవాళ్లకు పంపారు.

ఇది చదువుతున్న మీకు గానీ, మీ ఫ్రెండ్‌కి గానీ ఇప్పుడు అలాంటి ఆలోచన వస్తుంటే మిగతా ఆర్టికల్ తర్వాత చదవొచ్చు. ముందు 14416కి కాల్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది. 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం అడగరు.

ముందు తేల్చుకోవాల్సింది: ఫోన్ చేస్తున్నది ఎవరు?

రికవరీ కాల్ అనగానే అన్నీ ఒకటే అనుకోవద్దు. బ్యాంకు, ఆర్‌బీఐ దగ్గర రిజిస్టర్ అయిన ఫైనాన్స్ కంపెనీ ఒక రకం. వాట్సాప్ లింక్ ద్వారా ఏపీకే పంపిన యాప్ ఇంకో రకం. మొదటివాళ్లతో రూల్స్ మాట్లాడొచ్చు. రెండోవాళ్లతో మాట్లాడటమే వేస్ట్, వాళ్ల సంగతి పోలీసులు చూడాలి.

తేడా ఎలా తెలుస్తుంది? లోన్ అగ్రిమెంట్ తెరవండి. అప్పు ఇచ్చింది ఏ బ్యాంకు, ఏ ఎన్‌బీఎఫ్‌సీ అన్నది పేరుతో సహా అందులో ఉండాలి. మొత్తం ఖర్చు, ఏడాది వడ్డీ శాతం చెప్పే "కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్" అనే కాగితం ఇచ్చి ఉండాలి. డబ్బు నేరుగా ఆ సంస్థ నుంచి మీ అకౌంట్‌కి వచ్చి ఉండాలి, కట్టేది కూడా ఆ సంస్థ అకౌంట్‌కే వెళ్లాలి. ఇవేవీ లేకుండా రోజుకో క్యూఆర్ కోడ్, ఎవరో ఒక మనిషి పేరు మీదున్న యూపీఐ ఐడీ పంపుతున్నారంటే అది రెండో రకమే. 2025 జులై 1 నుంచి ఆర్‌బీఐ తన వెబ్‌సైట్‌లో డిజిటల్ లెండింగ్ యాప్‌ల డైరెక్టరీ పెట్టింది. సంస్థలు ఇచ్చిన వివరాలనే అందులో ఉంచుతారు కాబట్టి పేరు కనబడితే చాలు, అంతా క్లీన్ అని కాదు. కానీ పేరే కనబడకపోతే మాత్రం అనుమానించండి. అక్షరం అటూ ఇటూ మార్చి అసలు కంపెనీ పేరులాగే పెట్టుకునే యాప్‌లు బోలెడు, స్పెల్లింగ్ కూడా చూడండి.

అక్రమ యాప్ అయితే: మొదటి గంట పని

చాలామంది భయంతో ముందు యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తారు. ఆగండి. యాప్ పేరు, లోన్ అమౌంట్, చేతికొచ్చిన అమౌంట్, కట్టమన్న తేదీ కనబడే స్క్రీన్‌షాట్లు తీయండి. బెదిరించిన వాట్సాప్ చాట్‌ని "ఎక్స్‌పోర్ట్ చాట్" ఆప్షన్‌తో మీ మెయిల్‌కి పంపుకోండి. వాళ్లు "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" కొట్టేస్తే ఆధారం పోతుంది, కాబట్టి ఈ పని వెంటనే చేయాలి. కాల్స్ రికార్డ్ చేయండి. గూగుల్ డయలర్ ఉన్న ఫోన్లలో "కాల్ రికార్డ్ అవుతోంది" అని అవతలివాళ్లకూ వినిపిస్తుంది కదా, మామూలుగా దాన్ని మనమందరం తిట్టుకుంటాం. ఈ ఒక్క సందర్భంలో అది మనకే మంచిది. ఆ అనౌన్స్‌మెంట్ వినగానే బూతులు ఎంత తగ్గుతాయో చూడండి.

ఆధారాలు దాచుకున్నాక సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్‌కి వెళ్లి ఆ యాప్‌కి ఇచ్చినవన్నీ తీసేయండి. "డివైస్ అడ్మిన్ యాప్స్"లో, "యాక్సెసిబిలిటీ"లో అది ఆన్ అయి ఉందేమో చూసి ఆపండి. అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఎస్ఎంఎస్ పర్మిషన్ ఇచ్చి ఉంటే జీమెయిల్, యూపీఐ పిన్, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు మార్చండి.

ఇక అన్నిటికంటే కష్టమైన పని, అన్నిటికంటే బాగా పనిచేసేది కూడా ఇదే. వాళ్లకంటే ముందు మీరే అందరికీ చెప్పేయండి. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి, ఫ్యామిలీ గ్రూప్‌లో వేయండి. ఇలా రాస్తే చాలు:

"నా ఫోన్‌లోని నంబర్లు ఒక దొంగ లోన్ యాప్ వాళ్ల చేతికి వెళ్లాయి. నా పేరు చెప్పి మీకు కాల్స్, మార్ఫింగ్ ఫొటోలు రావచ్చు. నమ్మొద్దు, డబ్బులు పంపొద్దు. స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపి, ఆ నంబర్ బ్లాక్ చేయండి. పోలీస్ కంప్లైంట్ ఇస్తున్నాను."

బాపుకి ఎలా చెప్పాలి అని ఆగిపోతారు, తెలుసు. కానీ వాళ్ల బిజినెస్ మొత్తం నడిచేది ఆ ఒక్క ఆగిపోవడం మీదే. బాపుకి మీ నోటి నుంచి తెలిస్తే ఒక రోజు తిడతాడు. ఏదో తెలియని నంబర్ నుంచి ఫొటో వస్తే అది వేరే లెవెల్. మీరు చెప్పేశాక వాళ్ల దగ్గర అమ్ముకోవడానికి రహస్యం ఉండదు. ఐదు వందల కాంటాక్ట్స్ ఉన్నా అవి ఉత్త నంబర్లే.

తర్వాత 1930కి కాల్ చేయండి, లేదా నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టండి. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే "మా పరిధి కాదు" అనే మాట రావచ్చు. హుజూర్‌నగర్ అమ్మాయి మిర్యాలగూడలో హాస్టల్‌లో ఉందనుకోండి, ఒకటి సూర్యాపేట జిల్లా, ఇంకోటి నల్గొండ జిల్లా. జీరో ఎఫ్ఐఆర్ కింద ఏ స్టేషన్‌లోనైనా కంప్లైంట్ తీసుకోవాలి, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ చట్టంలోనే ఈ ఏర్పాటు ఉంది. బెదిరించి డబ్బు గుంజడం, బెదిరింపులు బీఎన్ఎస్ కింద, మార్ఫింగ్ అసభ్య ఫొటోలు పంపడం ఐటీ చట్టం 67, 67ఏ సెక్షన్ల కింద నేరాలు. యాప్ నుంచి మీకు నిజంగా ఎంత వచ్చింది, ఇప్పటికి ఎంత కట్టారు అన్నది కూడా కంప్లైంట్‌లో దాచకుండా రాయండి.

మార్ఫింగ్ ఫొటోల గురించి టెక్ పరంగా ఒక మంచి వార్త ఉంది. స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత టూల్‌లో మీ ఫొటో మీ ఫోన్‌లోనే ఒక హ్యాష్‌గా, అంటే డిజిటల్ వేలిముద్రగా మారుతుంది. ఫొటో ఎక్కడికీ అప్‌లోడ్ కాదు, హ్యాష్ మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి ప్లాట్‌ఫామ్‌లకు వెళ్తుంది. అదే ఫొటో అక్కడ ఎవరైనా ఎక్కిస్తే పట్టేస్తాయి. 18 ఏళ్లు నిండినవాళ్ల ఫొటోలకు ఇది పనిచేస్తుంది. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేదాన్ని మాత్రం ఆపలేదు, అందుకే పైన చెప్పిన మెసేజ్ ముఖ్యం.

ఒక్కటి మాత్రం అస్సలు చేయకండి. ఈ యాప్ కట్టడానికి ఇంకో యాప్‌లో తీయడం. రికవరీ వాళ్లే లింక్ పంపి "ఇందులో తీసి ఇది క్లియర్ చెయ్" అంటారు. రెండూ ఒకే దుకాణం కావచ్చు.

అసలు కంపెనీ అయితే: రూల్ బుక్ మీ వైపే ఉంది

మన ప్రాంతానికి వసూళ్ల వేధింపులు కొత్త కాదు. స్మార్ట్‌ఫోన్ రాకముందు ఇదే పని గ్రూపు లోన్లతో జరిగింది. ఒకరు కట్టకపోతే గ్రూపులోని మిగతా ఆడవాళ్లు ఆ ఇంటి ముందు కూర్చోవాల్సి వచ్చేది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చి, ఇళ్ల మీదికి రావొద్దు, వసూలు పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ చోటే చేయాలి, వారం వారం కాదు నెలకోసారి అని కట్టడి పెట్టింది. తర్వాత అది చట్టమైంది. ఊరి ముందు నిలబెట్టి పరువు తీయడమే అప్పటి టెక్నిక్. ఇప్పుడు ఊరు మొత్తం ఫోన్‌బుక్‌లో దొరుకుతోంది, అంతే తేడా.

ఇప్పుడు ఆర్‌బీఐ రూల్స్ చూద్దాం. 2022 ఆగస్టు 12 సర్క్యులర్ ప్రకారం రికవరీ ఏజెంట్లు ఉదయం 8 కంటే ముందు, సాయంత్రం 7 తర్వాత కాల్ చేయకూడదు. మైక్రోఫైనాన్స్ లోన్ అయితే ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు, మీ కుటుంబం, ఫ్రెండ్స్ ప్రైవసీలోకి రాకూడదు, గుర్తు తెలియని నంబర్ల నుంచి కాల్ చేసి భయపెట్టకూడదు. డిజిటల్ లోన్ అయితే ఏజెంట్ మిమ్మల్ని కలిసే ముందే అతని వివరాలు మీకు ఎస్ఎంఎస్‌లోనో మెయిల్‌లోనో రావాలి. లోన్ యాప్ మీ కాంటాక్ట్స్, ఫైల్స్, కాల్ లాగ్ ముట్టుకోకూడదు. కెమెరా, మైక్, లొకేషన్ కూడా కేవైసీ కోసం ఒక్కసారే, మీరు ఒప్పుకుంటేనే. 2023 మే 31 నుంచి గూగుల్ ప్లే పాలసీ కూడా పర్సనల్ లోన్ యాప్‌లకు కాంటాక్ట్స్, ఫొటోలు నిషేధించింది. అంటే ఇవాళ ఏ లోన్ యాప్ అయినా కాంటాక్ట్స్ అడిగిందంటే అక్కడికక్కడే దాని రంగు బయటపడినట్టే.

ఏజెంట్ కాల్ చేస్తే గొడవ పడకండి, నంబర్ మార్చి మాయం కాకండి. "మీ పేరు, ఏజెన్సీ, కంపెనీ ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్ పంపండి. ఇకపై మెయిల్‌లో మాట్లాడుకుందాం" అనండి. ఆ రోజే కంపెనీకి మెయిల్ పెట్టండి: ఎందుకు లేటైంది, ఈ నెల ఎంత కట్టగలను, ఏ తేదీకి. మెయిల్ పెట్టినంత మాత్రాన వాళ్లు ఒప్పుకోవాలని లేదు, కానీ రేపు కంప్లైంట్ అంటూ పెడితే మీరు పారిపోలేదని చూపించే కాగితం అదే. ఛార్జీలు లెక్క చూడండి. 2024 నుంచి లేటు ఫీజుని వడ్డీలో కలిపి, మళ్లీ దాని మీద వడ్డీ వేయడం కుదరదు. కంపెనీకి కంప్లైంట్ ఇచ్చాక 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా మీకు నచ్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చు, ఫీజు లేదు. సమాచారం కావాలంటే 14448.

"రేపు కోదాడ స్టేషన్ నుంచి అరెస్ట్ వారెంట్ వస్తుంది" అనే డైలాగ్ గురించి. కట్టలేకపోవడం దానంతట అది అరెస్ట్ చేసే నేరం కాదు, సివిల్ తగాదా. కంపెనీ కోర్టులో దావా వేసుకోవాలి. అయితే పూర్తిగా నిర్లక్ష్యం చేయకండి: చెక్ బౌన్స్‌కి ఉన్నట్టే ఆటో డెబిట్ బౌన్స్‌కి కూడా 2007 పేమెంట్ చట్టం 25వ సెక్షన్ కింద కేసు వేసే వీలుంది. కానీ దానికి ముందు రాతపూర్వకంగా నోటీసు రావాలి, కట్టడానికి 15 రోజుల టైమ్ ఉంటుంది. నిజం నోటీసు వస్తే పక్కన పడేయకుండా లాయర్‌కి చూపించండి. వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి, గంటలో యూపీఐ చేస్తే కేసు క్యాన్సిల్ అనే కోర్టు ఏదీ ఈ దేశంలో లేదు.

మరి ఫోన్‌నే లాక్ చేస్తే?

ఈఎంఐ ఫోన్లలో ఇది వేరే తలనొప్పి. ఆండ్రాయిడ్‌లోనే ఫైనాన్స్ ఫోన్ల కోసం డివైస్ లాక్ ఏర్పాటు ఉంది, శాంసంగ్‌కి నాక్స్ గార్డ్ ఉంది. ఇలాంటివి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా పోయేలా చేయలేదు. 2024లో ఆర్‌బీఐ ఈ లాకింగ్ ఆపమందని, మళ్లీ షరతులతో అనుమతించే ఆలోచనలో ఉందని 2025 సెప్టెంబర్‌లో రాయిటర్స్ రాసింది. మీ అమ్మకు ఫోన్ చేసి తిట్టడం కంటే లాక్ చేయడం కొంత నయం అనిపించొచ్చు. నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కావట్లేదు. యూపీఐ, ఓటీపీ, డెలివరీ ఆర్డర్లు, కూలీ పిలుపులు అన్నీ ఆ ఫోన్‌లోనే ఉంటాయి. బండి సీజ్ చేస్తే నడిచైనా పనికి పోవచ్చు. ఫోన్ ఆగితే ఆ ఈఎంఐ కట్టే డబ్బు వచ్చే దారే ఆగుతుంది.

కాబట్టి షాపులో సంతకం పెట్టే ముందు "ఫైనాన్స్ లాక్ ఉందా అన్నా? ఎన్ని రోజులు లేటైతే పడుతుంది?" అని అడగండి, అగ్రిమెంట్‌లో ఎక్కడ రాశారో చూపించమనండి. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటుంటే మీ ముందే రీసెట్ చేయించి, సెటప్ పూర్తయ్యే వరకు చూడండి. ఈ డివైస్ ఫైనాన్స్ కంపెనీకి చెందినది అనే మెసేజ్ వస్తే రేటు ఎంత తగ్గించినా వద్దు. ఎవరి ఈఎంఐకో మీ ఫోన్ ఆగిపోతుంది.

అప్పు తీరిపోయాక కూడా రెండు పనులు మిగులుతాయి. ఎన్ఓసీ తీసుకోవడం, క్రెడిట్ రిపోర్ట్‌లో ఏం రాశారో చూడటం. "క్లోజ్డ్" అని ఉంటే మొత్తం కట్టేసినట్టు. "సెటిల్డ్" అని ఉంటే తగ్గించి ఒప్పుకున్నట్టు, రేపు బైక్ లోన్‌కి వెళ్లినప్పుడు అది కనబడుతుంది. అందుకే ఏజెంట్ "సగం కట్టు, క్లోజ్ చేస్తా" అంటే ఏ పదం రాస్తారో ముందే మెయిల్‌లో రాయించుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికి ఒక్కో పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాలి. తప్పు ఉంటే కంప్లైంట్ పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకే పరిహారం రావాలి.